కోళ్ల జాలీ నుంచి బైలాలు దాకా

మొన్న కుషాయిగూడలో ఒక హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. మా అమ్మాయి వాళ్ళ బాల్కనీలోకి పావురాలు రాకుండా ఏదైనా కట్టాలి. నైలాన్ వల అడిగితే లేదన్నాడు. లోపల్నుంచి కొత్త జాలీ చుట్ట ఒకటి లాక్కొచ్చి నా ముందు దొర్లించాడు. ఆరు మూలల కన్నాలతో, కోళ్ల గూళ్ళకు కొట్టే సన్న తీగ జాలీ. చుట్ట విప్పగానే జింకు పూత, నూనె కలిసిన వాసన గుప్పుమంది. "సార్, ఎన్ని మీటర్లు?" అని అతను రెండోసారి అడిగేదాకా నేను ఈ లోకంలో లేను.

ఆ వాసన మొదటిసారి నా ముక్కుకు తగిలింది మా ఊరి బడి ముందు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

*

మాది పాలమూరు జిల్లా. ఊళ్ళో కరెంటు ఉందని చెప్పుకోవడమే గానీ, ఎప్పుడు ఉంటుందో ఎవరికీ తెలియదు. ఒక రోజు జీపు వచ్చి బడి ముందు ఆగింది. ప్యాంట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు దిగారు. వెనకాల లారీలో పైపులు, వంపు తిరిగిన ఇనుప బద్దీలు, జాలీ చుట్టలు. మేం పిల్లలందరం చుట్టూ చేరాం. సార్లు తరిమినా కదల్లేదు.

నేలలో గుంట తవ్వి, కాంక్రీటు పోసి, స్తంభం నిలబెట్టారు. దాని తలకు ఆ వంపు బద్దీలు ఒక్కొక్కటీ బిగించారు. బద్దీల మధ్య జాలీ పరిచి తీగతో కుట్టారు. అంతా అయ్యేసరికి మూడు మీటర్ల వెడల్పున్న గిన్నె తయారైంది. ఒకాయన చేతిలో ఏదో పెట్టె పట్టుకుని చెబుతుంటే, ఇంకొకాయన దాన్ని పడమటి వైపు తిప్పి, మెల్లగా పైకెత్తి, ఒక చోట ఆపి నట్లు బిగించేశాడు. మేం పరుగెత్తి వెళ్ళి ఆ దిక్కున చూశాం. అక్కడ ఏమీ లేదు, వట్టి ఆకాశం.

ఆ సాయంత్రమే బడి గదిలో తలుపులున్న చెక్కపెట్టె తెరిచారు. తెల్లగా, నల్లగా మనుషులు కదిలారు. తెలుగులో మాట్లాడారు. గదిలో చప్పుడు ఆగిపోయింది. బయట ఎడ్ల మెడ గంటలు మాత్రం వినిపిస్తున్నాయి.

అది 1975. దాన్ని సైట్ ప్రయోగం అంటారని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఈ ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఒకేసారి టీవీ. అమెరికా నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనకు ఏడాది పాటు ఇచ్చారు. మన ఇస్రో వాళ్ళు అహ్మదాబాద్ నుంచి కార్యక్రమాలు పైకి పంపితే, అది తిరిగి మా ఊరి జాలీ మీదకి దించేది. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్ళకు. వరికి వచ్చే తెగుళ్ళు, పశువులకు టీకాలు, పసిపిల్లలకు ఏం పెట్టాలి, మధ్యలో పాటలు. తెలుగు అయిపోయాక అందరికీ కలిపి హిందీ వచ్చేది. హిందీ మొదలవగానే మగవాళ్ళు బీడీలు ముట్టించుకుని బయటికి వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం కదిలేవాళ్ళు కాదు. బొమ్మ చాలు వాళ్ళకు.

మా అవ్వకు ఒక్కటే అనుమానం. ఇంటికి వచ్చేటప్పుడు రోజూ ఆ జాలీ దగ్గర ఆగేది. వేలు కన్నంలో పెట్టి చూసేది.

"నీళ్లు గూడ నిలవని జల్లెడల బొమ్మలెట్ల నిలుస్తున్నయ్ రా?"

నాకూ తెలియదు. సార్‌ను అడిగితే, "అది సైన్సు, పెద్దయినంక తెలుస్తది" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి ఒక సాయంత్రం సార్ టీవీ పెట్టె తలుపులు మూసి తాళం వేశాడు. ఉపగ్రహం వెళ్ళిపోయిందన్నాడు. ఎక్కడికి వెళ్ళిందో, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియక కొన్నాళ్ళ పాటు సాయంత్రం కాగానే జనం బడి దగ్గరికి వస్తూనే ఉన్నారు. తలుపు తీయరని తెలిసీ అరుగు మీద కూర్చుని వెళ్ళేవాళ్ళు. జాలీ మాత్రం చాలా కాలం అట్లాగే పడమటికి చూస్తూ ఉండిపోయింది. దాని ఎదురుగానే పొద్దు గూకేది. తరువాత తరువాత ఎవరెవరో ముక్కలు కత్తిరించుకుపోయి కోళ్ల గూళ్ళకు కొట్టుకున్నారు.

*

నేను డిప్లొమా చదివి, హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో చేరేనాటికి ఆ సంగతులన్నీ మరిచిపోయాను. పొద్దున్నే కంపెనీ బస్సు. ఆ బస్సులో నిద్ర పట్టని వాడు లేడు. సైరన్ కొట్టే లోపల గేటు దాటాలి. క్యాంటీన్లో ఉప్మా, టీ. అప్పట్లో ఇళ్ళల్లో మా కంపెనీ చేసే ఈసీ టీవీ ఉంటే గొప్ప. మా బంధువుల్లో నాకు గౌరవం పెరిగింది కూడా ఆ టీవీ పేరు మీదే.

అక్కడ చేరాకే తెలిసింది, మా బడిలో తలుపులున్న ఆ పెట్టె కూడా ఇక్కడ తయారైందేనని. సైట్ గ్రామాలకు టీవీ సెట్లు చేసిచ్చింది ఈసీఐఎల్. ఒక పాత ఉద్యోగి మాటల మధ్యలో ఈ సంగతి చెప్పినప్పుడు నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ షెడ్డు ఎక్కడుందో అడిగి మరీ వెళ్ళి చూసొచ్చాను.

ఈ సంస్థను 1967లో మొదలుపెట్టింది డాక్టర్ ఏ.ఎస్. రావు గారు. పశ్చిమ గోదావరి వాడు, ట్రాంబేలో హోమీ భాభా దగ్గర ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచిన మనిషి. మేం చేరేనాటికి ఆయన రిటైరై చాలా కాలమైంది. అయినా పాతవాళ్ళు ఆయన గురించి నిన్ననే షెడ్డులోకి వచ్చి వెళ్ళినట్టు మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటున్న కుర్రాళ్ళను ఆయనెవరని అడిగితే చాలామందికి తెలియదు. నాకు అది కష్టంగా ఉంటుంది.

నన్ను వేసింది యాంటెన్నాల విభాగంలో. అక్కడ నాకు పని నేర్పింది ఒక సీనియర్ ఫిట్టర్. బందరు వైపు మనిషి. మేమందరం బాబాయ్ అనేవాళ్ళం. పదో తరగతి దాటి చదవలేదు గానీ, డ్రాయింగ్ ముందు పెడితే ఏ నట్టు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చేసే ముందే చెప్పేవాడు. ఆయన టిఫిన్ డబ్బాలో గోంగూర లేని రోజు నాకు గుర్తు లేదు.

అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన దగ్గరే దొరికింది. ఒక మధ్యాహ్నం జాలీ డిష్ కథంతా చెప్పాను. ఆయన చేయి తుడుచుకుని, నేల మీద సుద్దతో అల గీశాడు.

"చూడబ్బాయ్. అల ఒక తల నుంచి ఇంకో తల దాకా ఎంత పొడుగుందో చూసుకోవాలి. మీ ఊరి డిష్‌కి వచ్చింది జానెడున్నర పైనే ఉంటుంది. వేలు దూరే కన్నం దానికి కనిపించదు. దాని లెక్కలో అది రేకే."

తరువాత ఇంజనీర్లు అంకెలు చెప్పారు. ఏటీఎస్-6 మా ఊరికి పంపింది 860 మెగాహెర్ట్జ్ మీద, అంటే 35 సెంటీమీటర్ల అల. ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఉపగ్రహానికి రోదసిలోకి వెళ్ళాక విచ్చుకునే 9 మీటర్ల డిష్ ఉండేది. పైవాడి డిష్ పెద్దదైతే కింద చిన్నది సరిపోతుంది. పైది చిన్నదై, దూరం కోట్ల కిలోమీటర్లయితే కింద కొండంత డిష్ కట్టక తప్పదు. నేను తరువాతి ఇరవై ఏళ్ళు చేసిన పనంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది.

అల పొడవు తగ్గే కొద్దీ డిష్ నునుపు పెరగాలి. మా దగ్గర లెక్క ఏమిటంటే, గిన్నె ఆకారంలో తప్పు అల పొడవులో ఇరవయ్యో వంతు కూడా ఉండకూడదు. చంద్రుడి దగ్గర్నుంచి, అంగారకుడి దగ్గర్నుంచి సమాచారం దించే ఎక్స్ బ్యాండ్ అనే పొట్టి రేడియో అలల పట్టీ‌లో అల మూడున్నర సెంటీమీటర్లు. దానిలో ఇరవయ్యో వంతంటే రెండు మిల్లీమీటర్ల లోపు. మంచి సిగ్నల్ కావాలంటే మిల్లీమీటరు కూడా ఎక్కువే. అక్కడ జాలీ పనికి రాదు, అల్యూమినియం ప్యానెల్ కావాలి.

ఆ దసరాకి ఊరెళ్ళినప్పుడు అవ్వకు ఇదంతా చెప్పాను. కళ్ళు సరిగా కనిపించడం లేదు అప్పటికే. శ్రద్ధగా విని, "అంటే నీళ్లు సన్నవి, గవి లావువి అన్నట్టు" అంది. అంతకంటే బాగా చెప్పిన ఇంజనీరును నేను చూడలేదు.

*

1988 చివర్లో ఒక రోజు మా ఇంజనీరు ఒకాయన పత్రికలోంచి తీసిన జిరాక్స్ కాగితం తెచ్చాడు. రెండు ఫోటోలు. ఒకదాంట్లో అమెరికా గ్రీన్ బ్యాంక్‌లోని 300 అడుగుల రేడియో టెలిస్కోప్. రెండో దాంట్లో అదే చోట ఇనుప కుప్ప. నవంబరులో ఒక రాత్రి ఉన్నట్టుండి కూలిపోయింది. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అందరం కాగితం చుట్టూ మూగాం. బాబాయ్ అడిగింది ఒకటే: "ఏం తెగింది?"

అది తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. ఒక గసెట్ ప్లేట్. నాలుగైదు కమ్మీలు ఒక చోట కలిసేటప్పుడు వాటిని పట్టి ఉంచే ఇనుప పలక. అది తెగితే 91 మీటర్ల డిష్ మొత్తం నేలకూలింది.

ఆ తరువాత బాబాయ్‌కి గసెట్ ప్లేట్ల పిచ్చి పట్టింది. ఏ చట్రం బయటికి వెళ్తున్నా ఒక్కో ప్లేట్ దగ్గరికి వెళ్ళి, చిన్న సుత్తితో కొట్టి చెవి పెట్టి వినేవాడు. వెల్డింగ్ మీద వేలు పెట్టి తడిమేవాడు. ఇన్‌స్పెక్షన్ వాళ్ళ పని అది, ఆయనది కాదు. అయినా ఎవరూ వద్దనేవాళ్ళు కాదు. ఆ సుత్తి చప్పుడు, టంగ్ మని ఒకటి, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ టంగ్ మని ఇంకొకటి, ఇప్పటికీ నా చెవిలో ఉంది.

*

బైలాలు పేరు మేం మొదట విన్నప్పుడు అదెక్కడో ఎవరికీ తెలియదు. బెంగళూరుకి నలభై కిలోమీటర్ల దూరంలో పల్లెటూరు. రాగి చేలు, దూరంగా రాతి గుట్టలు. నేల చుట్టూ ఎత్తుగా, మధ్యలో పల్లంగా ఉంటుంది. అందుకే ఎంచుకున్నారు. నగరం నుంచి వచ్చే రేడియో గోల ఆ గట్లకు తగిలి ఆగుతుంది. చంద్రయాన్ కోసం అక్కడ 18 మీటర్ల డిష్ ఒకటి, 32 మీటర్ల డిష్ ఒకటి నిలబెట్టాలి. ఆ 32 మీటర్లది మనది. ఇస్రో కోసం ఈసీఐఎల్ కట్టింది. దాన్ని తిప్పే వ్యవస్థలో బార్క్, అంటే ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళ చేయి ఉంది.

32 మీటర్లంటే అంకెలో చిన్నగా కనిపిస్తుంది. గిన్నె మూతి వైశాల్యం 800 చదరపు మీటర్లు. మా వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఏడు గుంటలకు పైనే. వందల టన్నుల ఆ బరువంతా కాంక్రీటు మీద గుండ్రంగా వేసిన రైలు పట్టా లాంటి ట్రాక్ మీద, చక్రాల మీద తిరగాలి. తిరుగుతూ, వంగుతూ, ఆకాశంలో ఒక చుక్కను గంటల తరబడి వదలకుండా చూడాలి. ఎక్స్ బ్యాండ్‌లో ఆ డిష్ చూపు ఎంత సన్ననిదంటే, నిండు చంద్రుడి వెడల్పులో ఆరో వంతు కూడా ఉండదు. కొంచెం పక్కకు జరిగినా వినపడదు.

పట్టా లెవెల్ దగ్గరే రోజులు గడిచిపోయాయి. బాబాయ్‌కి అప్పటికి రిటైర్మెంట్ దగ్గర పడింది. మోకాళ్ళ నొప్పులు. అయినా వచ్చాడు. ట్రాక్ పక్కన గోనెసంచి వేసుకుని కూర్చుని, ఒక్కో చోట స్పిరిట్ లెవెల్ పెట్టి, బుడగ ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. కింద పట్టా వెంట్రుకవాసి తేడా ఉంటే పైన చూపు ఎక్కడికో పోతుందని కొత్త కుర్రాళ్ళకు చెప్పేవాడు.

ప్యానెళ్ళ అలైన్‌మెంట్ మాత్రం రాత్రి పనే. ఎండ తగిలితే ఇనుము సాగుతుంది. పది మీటర్ల కమ్మీకి పది డిగ్రీల వేడి ఎక్కితే మిల్లీమీటరు పైన పెరుగుతుంది. పైగా ఎండ ఒక వైపే పడుతుంది, గిన్నె ఒక వైపే వాస్తుంది. అందుకని పొద్దుగూకి, ఇనుము చల్లారి, అన్ని వైపులా ఒకే వేడికి వచ్చాక మొదలుపెట్టేవాళ్ళం.

డిష్‌ను ఆకాశం వైపు తిప్పి, మధ్యలో కోణాలు కొలిచే థియోడొలైట్ పెట్టేవాళ్ళం. ప్రతి ప్యానెల్ మూలల్లో గురి చుక్కలు. థియోడొలైట్ దగ్గర ఉన్నవాడు కోణం చదివితే, పక్కనున్నవాడు కాగితం మీద రాసుకుని డిజైన్ అంకెతో పోల్చి తేడా చెప్పాలి. ప్యానెల్ కింద, చట్రం లోపల, నడుముకు బెల్టు కట్టుకుని ఒకడు స్పానర్‌తో కూర్చునేవాడు. వాకీ టాకీలో మాటలు ఇట్లా ఉండేవి:

"రింగు నాలుగు, ప్యానెల్ పదకొండు, పై ఎడమ మూల. ప్లస్ సున్నా పాయింట్ ఎనిమిది."

"అర చుట్టు దించాను. చూడండి."

"ప్లస్ సున్నా పాయింట్ రెండు. వదిలేయ్. తరువాతది."

అంతే. రాత్రంతా అవే మాటలు. మధ్యలో కప్పల అరుపులు, దూరంగా చేలలో కాపలా వాళ్ళు టార్చి వేసి అదిలించే కేకలు, ఫ్లాస్కులో చల్లారిన టీ. ఒక మూల సరిచేస్తే పక్క మూల కదులుతుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళి చూడాలి. తూర్పు తెల్లబడగానే ఇంజనీరు "చాలు" అనేవాడు. అప్పటిదాకా కొలిచిన కాగితాల మీద సంతకాలు పెట్టి కిందికి దిగేవాళ్ళం. ఇప్పుడు ఫోటోలు తీసి కంప్యూటర్‌లో వేస్తే మొత్తం గిన్నె ఆకారం ఒకేసారి తేలిపోతుంది. అది మంచిదే. కానీ ఒక్కో మూలను పేరుపెట్టి పిలిచినట్టు పిలిచి సరిచేసిన ఆ రాత్రులు నాకు చాలా ఇష్టం.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఎంత బాగా బిగించినా, డిష్ వంగితే తన బరువుకు తానే కుంగుతుంది. ఆకాశం వైపు ఉన్నప్పుడు ఒక ఆకారం, నేలకు వాలినప్పుడు ఇంకొకటి. దాన్ని ఆపలేరు. అందుకని మధ్యలో ఒక కోణం ఎంచుకుని, అక్కడ అన్నిటికంటే సరిగ్గా ఉండేలా ప్యానెళ్ళను పెడతారు. అటూ ఇటూ కొంచెం తప్పు వచ్చినా అదుపులో ఉంటుంది. జర్మనీలోని ఎఫెల్స్‌బెర్గ్‌లో 100 మీటర్ల డిష్ కట్టినప్పుడు ఇంకో అడుగు ముందుకు వేశారు. కుంగినా మళ్ళీ పారాబోలాగానే, అంటే అలలన్నిటినీ ఫోకస్ అనే ఒకే చోటికి చేర్చే గిన్నె ఆకారంలోనే ఉండేలా చట్రం డిజైన్ చేశారు. ఆకారం మారుతుంది, దానితో పాటు ఫోకస్ ఎక్కడికి జరుగుతుందో ముందే తెలుసు గనక రిసీవర్‌ను అక్కడికి జరుపుతారు. ఒక రాత్రి మా ఇంజనీరు ఇది చెబుతుంటే బాబాయ్ టీ తాగడం మానేసి విన్నాడు.

గాలి వేసిన రాత్రుల్లో పని ఆపి, డిష్‌ను నెత్తి వైపు తిప్పి లాక్ చేసేవాళ్ళు. అప్పుడు ఊసుపోక కథలు నడిచేవి. ఆస్ట్రేలియాలో పార్క్స్ డిష్ గురించి నేను విన్నది అప్పుడే. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద దిగిన రోజున అక్కడ గంటకు 110 కిలోమీటర్ల ఈదురుగాలి. 64 మీటర్ల డిష్‌ను అంచు దాకా వాల్చి చంద్రోదయం కోసం కాచుకుని ఉన్నారు. నిబంధనల ప్రకారం ఆపాలి. ఆపలేదు. ప్రపంచమంతా చూసిన బొమ్మల్లో ఎక్కువ భాగం ఆ డిష్ ద్వారా వచ్చినవే. కథ అయ్యాక అందరం తలెత్తి మా డిష్ వైపు చూసుకున్నాం.

*

2008 అక్టోబరు 17న బైలాలును దేశానికి అంకితం చేశారు. ఐదు రోజులకే, 22న, శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 లేచింది. మేం అప్పటికి హైదరాబాద్ వచ్చేశాం. అందరూ రాకెట్‌ను చూస్తుంటే మా బ్యాచ్ వాళ్ళకు మాత్రం తరువాత సంగతే టెన్షన్. పైకి వెళ్ళాక దాని మాట మాకు వినిపించాలి కదా.

వినిపించింది. చంద్రుడి ఫోటోలు పేపర్లో వచ్చిన రోజు బాబాయ్ మా ఇంటికి స్వీట్ ప్యాకెట్ పట్టుకొచ్చాడు. ఆయనకు బాగా నచ్చిన భాగం ఒకటుంది. ఆ డిష్‌లో సిగ్నల్‌ను పైన పట్టి అక్కడే రిసీవర్‌కు ఇవ్వరు. అద్దాల మీద నుంచి అద్దాల మీదకి పంపుతూ, మధ్య గొట్టం గుండా కింద గదిలోకి దించుతారు. రిసీవర్లు అక్కడ కదలకుండా, బాగా చల్లబరిచిన పెట్టెల్లో ఉంటాయి. డిష్ ఎంత తిరిగినా వాటికి కుదుపు లేదు, మనిషి ఎక్కి దిగాల్సిన పనీ లేదు. "వెన్నెల్ని పైన పట్టి ఇంట్లోకి దించుకుంటున్నారబ్బాయ్" అని ఎన్నిసార్లు అన్నాడో.

మరుసటి ఏడాది ఆగస్టు 29 తెల్లవారుజామున చంద్రయాన్-1 మాట ఆగిపోయింది. రాత్రి పన్నెండు ఇరవై ఐదు దాకా బైలాలుకి డేటా వచ్చింది. ఒంటిగంటన్నరకు ఏమీ లేదు. మరునాడు ఆఫీసులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అప్పటికే అది చేయాల్సిన పని చాలా భాగం చేసేసింది, చంద్రుడి మీద నీటి జాడ సంగతి కూడా ఆ తరువాతి నెలలోనే ప్రకటించారు. అయినా ఆ రోజు మాత్రం ఇంట్లో మనిషి ఫోన్ ఎత్తనట్టే ఉంది.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. 2017లో ఒక వార్త వచ్చింది. కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో ఉన్న 70 మీటర్ల డిష్‌తో చంద్రుడి మీదకి రాడార్ కిరణాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని ఇంకో డిష్‌తో పట్టి, నోరు లేని మన చంద్రయాన్-1 ఇంకా చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉందని కనిపెట్టారు. చంద్రుడికి 200 కిలోమీటర్ల ఎత్తున, ఒకటిన్నర మీటరు పెట్టె. ఆ ప్రతిధ్వనిని పట్టింది గ్రీన్ బ్యాంక్ డిష్. పాతది కూలిపోయాక అదే ప్రాంగణంలో కట్టిన 100 మీటర్ల కొత్త డిష్.

పేపరు పట్టుకుని బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. "కూలింది కదా అని ఊరుకోలేదన్నమాట" అన్నాడు. తరువాత, "కొత్తదానికి గసెట్ ప్లేట్లు ఎట్లా వేశారో" అన్నాడు.

*

మంగళ్‌యాన్ రోజు మాత్రం నాకు వేరే రకంగా గుర్తుంది. 2014 సెప్టెంబరు 24. పొద్దున్నే టీవీ ముందు ఇల్లంతా కూర్చున్నాం. ఇంజన్ మండింది, వాహనం అంగారకుడి వెనక్కి వెళ్ళింది, మాట లేదు. ఎనిమిది కావస్తుండగా అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మా అబ్బాయి నా వైపు తిరిగి, "నాన్నా, మీ డిష్ పట్టిందా?" అన్నాడు.

పట్టలేదు. పట్టే వీలు లేదు. ఆ పొద్దున అంగారకుడు మనకు ఇంకా ఉదయించనే లేదు. బైలాలు నేల వాడికి అవతలి వైపు ఉంది. అప్పుడు వాడు కనిపించేది ఆస్ట్రేలియా వాళ్ళకు, అమెరికా పడమటి తీరానికి. కాన్‌బెర్రా వాళ్ళు వినిపెట్టారు. అందుకే నాసా వాళ్ళు గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రా అని భూమిని మూడు పాళ్ళు చేసి డిష్‌లు పెట్టుకున్నారు. భూమి తిరుగుతుంటే ఒకరు వదిలిన చూపును ఇంకొకరు అందుకుంటారు. ఒక్క దేశంలో ఒక్క డిష్ ఎంత గొప్పదైనా, రోజులో సగం సేపు దానికి నేల అడ్డం.

మా అబ్బాయి మొహం చిన్నబోయింది. నేను వాణ్ణి మధ్యాహ్నం దాకా ఆగమన్నాను. అంగారకుడు మన తూర్పున లేచాక, 22 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి, రెండు మీటర్ల పైచిలుకు చిన్న డిష్‌తో అది పంపే మాట పన్నెండున్నర నిమిషాలు ప్రయాణం చేసి రాగి చేల మధ్య మా ప్యానెళ్ళ మీద పడుతుంది. రింగు నాలుగు, ప్యానెల్ పదకొండు మీద కూడా. ఆ తరువాత ఎన్నో ఏళ్ళ పాటు ఆ డిష్ మంగళ్‌యాన్‌ను వింటూనే ఉంది.

ఇంకో రెండేళ్ళకు, ఒక ఫిబ్రవరి 28న, మా తమ్ముడి కొడుకు పుణెలో చదువుతుంటే వాడితో కలిసి ఖోడద్ వెళ్ళాను. సైన్స్ డే నాడు అక్కడి రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీని జనానికి చూపిస్తారు. గోవింద్ స్వరూప్ గారు కట్టించిన 30 డిష్‌లు, ఒక్కోటి 45 మీటర్లు. దగ్గరికి వెళ్ళి తలెత్తి చూస్తే జాలీ. సన్నటి స్టీలు తీగ జాలీని తాళ్ళలాంటి స్టీలు తీగల మీద సాగదీసి కట్టారు. ఆకాశం అందులోంచి కనిపిస్తోంది. పొడుగాటి అలలు వినే డిష్ గనక జాలీ చాలు. గాలికి తట్టుకుంటుంది, బరువు తక్కువ, ఖర్చు తక్కువ. ఆ ఏడాది అక్టోబరులోనే ఐరోపా వాళ్ళ స్కియాపరెల్లి ల్యాండర్ అంగారకుడి మీదకి దిగుతుంటే దాని సన్నటి సిగ్నల్‌ను ఆ జాలీ డిష్‌లే పట్టాయి. నేలను తాకే ముందే అది ఆగిపోయింది. ఆగిపోయిందన్న సంగతి కూడా ముందుగా తెలిసింది పుణె దగ్గరి ఆ జాలీల వల్లే. అవ్వ ఉంటే ఈ కథ చెప్పేవాణ్ణి.

*

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతున్నప్పుడు నేను బాబాయ్ ఇంట్లోనే ఉన్నాను. ఆయన మంచం టీవీ ఎదురుగా వేశారు. ఈసారి చంద్రుడు మన ఆకాశంలోనే ఉన్నాడు. ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. ఆరు గంటల నాలుగు నిమిషాలకు దిగింది. గదిలో అందరూ అరిచారు. బాబాయ్ అరవలేదు. నా చేయి పట్టుకుని, ట్రాక్ మీద ఇప్పుడు ఎవరు చూస్తున్నారు, గ్రీజు సరిగ్గా పెడుతున్నారా, పట్టా ఎక్కడైనా అరిగిందా అని వరసగా అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. తెలియనివి అక్కడున్న కుర్రాళ్ళను కనుక్కుని చెబుతానన్నాను. కనుక్కున్నాను కూడా. ఫోన్ చేసి చెప్పాను. మరుసటి చలికాలంలో ఆయన పోయాడు.

మాకు బైలాలులో కెమెరాలు తేనిచ్చేవాళ్ళు కాదు. మేం ఆ డిష్ కింద నిలబడ్డ ఫోటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఉన్నదల్లా కొలతలు రాసుకున్న చిన్న నోటు పుస్తకం, అదీ సగం తడిసి చెరిగిపోయింది. బైలాలులో ఆ రాత్రుల్లో నాతో పని చేసిన వాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. కొందరు రిటైరయ్యారు, కొందరు బిడ్డల దగ్గరికి అమెరికా వెళ్ళిపోయారు. ఇది మీ కంట పడితే ఎవరెవరు ఏ రింగు మీద పనిచేశారో, వాకీ టాకీ ఎవరి చేతిలో ఉండేదో, టీ ఎవరు తెచ్చేవారో మీకు గుర్తున్నంత రాసి పంపండి. నేను ఇప్పటికి పద్నాలుగు మంది పేర్లు రాసుకున్నాను. ఇంకా చాలామంది ఉన్నాం.